తోలుబొమ్మ బరువు: యానిమేషన్ ప్రేరణపై ఒక పరిశీలన

కొత్త యానిమేషన్ చిత్రానికి దేశీయమైన ప్రేరణ కావాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగువారికి ముందుగా స్ఫురించేది తోలుబొమ్మలాట. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర నాటికే సాహిత్యంలో చోటు సంపాదించుకొన్న ఆట ఇది. అయితే దీని నుంచి యానిమేషన్ కళాకారుడు గ్రహించదగినది ఏమిటన్న ప్రశ్నను లోతుగా విచారించినవారు తక్కువ. సాధారణంగా గ్రహించేది రూపాన్ని: పక్కకు తిరిగిన ముఖం, విశాలమైన కన్ను, చిల్లులతో తీర్చిన నగలు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు. ఆ రూపాన్ని కథానాయకుడికి తొడిగి, నడకను మాత్రం పాశ్చాత్య కార్టూన్ల నుంచి తెచ్చుకొంటే ఆ చిత్రంలో తోలుబొమ్మ మిగులుతుంది, ఆట మిగలదు.

ఈ పరిస్థితికి జీవనోపాధితో ముడిపడిన కారణం ఒకటి ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన గ్రామం. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. రాత్రంతా సాగే ఆటకు ఆదరణ తగ్గిన తరువాత అక్కడి కుటుంబాలకు అన్నం పెట్టినవి తోలుతో చేసే దీపపు గొడుగులు, గోడకు వేలాడదీసే చిత్రాలు. ఇందులో కళాకారులను తప్పుపట్టవలసినది లేదు. కాని ప్రేరణ వెదుక్కొంటూ వచ్చిన చిత్రకారుడికి అంగడిలో ఎదురయ్యేది కదలని బొమ్మ. అతడు చూసినదే తీసుకొనిపోతాడు.

కదిలే బొమ్మ సంగతి వేరు. వెలుగు చొరబడేంత పలుచగా శుభ్రపరచిన మేకతోలును అవయవాలుగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో ముడివేస్తారు. దేహాన్ని నిలబెట్టడానికి నడుమ ఒక బద్ద, చేతులను ఆడించడానికి విడిగా పుల్లలు ఉంటాయి. కాళ్ళు సాధారణంగా వేలాడుతూనే ఉంటాయి. బొమ్మ ముందుకు సాగితే కాళ్ళు ఒక లిప్తపాటు వెనుకబడి వచ్చి చేరుకొంటాయి. యానిమేషన్ విద్యలో ప్రత్యేక సూత్రంగా బోధించే ఈ వెనుకబాటు ఇక్కడ తోలు బరువు వల్ల దానంతట అదే సిద్ధిస్తుంది. ముఖకవళిక మారదు. కోపమైనా దుఃఖమైనా దేహమంతా వంగడంలో, వణకడంలో, అన్నిటికంటె ముఖ్యంగా తెరతో బొమ్మకున్న దూరంలో వ్యక్తమవుతుంది. తెరకు అదిమితే అంచులు పదునుగా తేలుతాయి. వెనక్కు జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. ఆడించేవాడి కాలి కింద చెక్క చప్పుడు, మద్దెల దెబ్బ ఆ కదలికకు తాళం అందిస్తాయి.

ఈ సందర్భంలో జర్మన్ కళాకారిణి లొట్టే రైనిగర్ ఉదాహరణ ఉపకరిస్తుంది. 1926లో ఆమె వెలువరించిన ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ నేడు లభ్యమవుతున్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాలలో అత్యంత ప్రాచీనమైనది. చైనా నీడబొమ్మల పట్ల ఆమెకు మక్కువ ఎక్కువ. నల్లని అట్టను, పలుచని సీసపు రేకును కత్తిరించి, తీగతో కీళ్ళు కలిపి, కింది నుంచి వెలిగించిన గాజుపలక మీద పరచి, పైనుంచి కెమెరాతో ఒక్కొక్క ఫ్రేమును చిత్రీకరించింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. గాజు మీద పడుకొన్న బొమ్మ వేలాడదు. నీడబొమ్మకు సహజమైన బరువు ఈ పద్ధతిలో పూర్తిగా పోయింది. పోయిన బరువును ఆమె వేళ్ళతో తిరిగి సృష్టించవలసి వచ్చింది. ఏ అవయవం ముందు కదలాలి, ఏది ఆగి రావాలి అన్నది ఫ్రేము ఫ్రేముకూ నిర్ణయించుకొన్నది. రైనిగర్ నీడబొమ్మల నుంచి గ్రహించినది నలుపు ఆకృతి మాత్రమే అయితే ఆ చిత్రం కదిలే కత్తిరింపులుగానే మిగిలేది.

నేటి కంప్యూటర్ బొమ్మ కూడా గాజు మీది బొమ్మ వంటిదే. దానికి కీళ్ళున్నాయి, బరువు లేదు. కనుక తోలుబొమ్మను ఆధారం చేసుకొనే చిత్రానికి నగల నమూనాల సేకరణ చాలదు. ఒక అడుగుకు కాలు ఎంతసేపు ఊగుతుంది, హనుమంతుడి లంఘనంలో బొమ్మ ఏ క్షణాన తెరను వదులుతుంది, నర్తకి నడుము విరుపుకు ఎన్ని కీళ్ళు పనిచేస్తాయి అనే లెక్క కావాలి. ఆ లెక్క పుస్తకాలలో కంటె ఆడించేవారి మణికట్టులో ఎక్కువగా ఉంది.

హాస్యం విషయంలో ఇబ్బంది మరింత జటిలం. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణ ఘట్టం మధ్యలోకి చొరబడి ఆ ఊరి సంగతులే మాట్లాడుతారు. ముందే ముద్రితమైన సంభాషణకు ఆ స్వేచ్ఛ ఉండదు. వారిని కేవలం నవ్వించే పాత్రలుగా చిత్రంలోకి తెస్తే వారి పని సగం పోతుంది; కథను ఆపి ప్రేక్షకుడి వైపు తిరిగే అధికారాన్ని కథన నిర్మాణంలోనే వారికి కల్పించవలసి ఉంటుంది.

ఆచరణలో ఇది ఒక పేరు దగ్గరకు వచ్చి ఆగుతుంది. పైన చెప్పిన లెక్కకు మూలం ఆడించేవారి చేతులు. బొమ్మ నమూనా ఇచ్చినందుకు వారికి చిత్రం చివర కృతజ్ఞతలు చెప్పడం ఒక పద్ధతి. వారిని స్టూడియోకు పిలిపించి, వేలాడే బొమ్మను ఆడింపజేసి, ఆ కదలికను గ్రహించి, చలన నిర్దేశకుల వరుసలో వారి పేరు వేయడం మరొక పద్ధతి. మొదటి పద్ధతిలో చిత్రానికి దక్కేది దీపపు గొడుగు మీద దొరికేదే.