గాజుపోగులో కాంతివృద్ధి: 1964 నాటి ఒక పత్రము

గాజుపోగులో కాంతిని వృద్ధిచేయు వర్ధకము కథను 1987లో సౌథాంప్టన్ విశ్వవిద్యాలయమున సిద్ధమైన ఎర్బియము పోగుతో ఆరంభించుట పరిపాటి. ఈ అలవాటు వలన 1964లో అమెరికాయందు కోస్టరు, స్నిట్జరు ప్రకటించిన పత్రము మరుగున పడుచున్నది. అది ఉపాధ్యాయులు శ్రద్ధగా చదువదగినది.

వారు నియోడిమియము కలిపిన మీటరు పొడవు గాజుపోగును మెరుపుదీపము చుట్టును చుట్టిరి. దీపమునుండి నియోడిమియము గ్రహించిన శక్తి, పోగులో సాగు కాంతికి తోడగును. ఆ విధముగా 1.06 మైక్రానుల కాంతి 50,000 రెట్లవరకు పెరిగెను. ఈ అంకెకన్న మెచ్చదగినది వారి జాగ్రత్త. పోగు కొనలను ఏటవాలుగా సానపట్టిరి. లేనిచో కొనలవద్ద పరావర్తనము చెందిన కాంతి మరల మరల పోగులోనే తిరిగి, వర్ధకము కాస్తా లేసరై కూర్చుండును! ఆ రెండింటి భేదమును విద్యార్థికి ఇంత తేటగా చూపు ప్రయోగములు అరుదు.

లోపము లేకపోలేదు. మెరుపుదీపము క్షణకాలమే వెలుగును. టెలిఫోను వార్తలకు ఎడతెగని వృద్ధి కావలెను. పైగా సిలికా పోగులో కాంతినష్టము అత్యల్పముగా నుండునది 1.55 మైక్రానుల దరిని. అచ్చట పనికివచ్చునది ఎర్బియమే. అయితే దీనికై ఆ పత్రకర్తలను తప్పుపట్టుట న్యాయము కాదు. కిలోమీటరుకు 20 డెసిబెళ్లకు మించని నష్టముగల పోగు 1970లో గాని తయారు కాలేదు.