ఎంపిక, ఆస్వాదన: వుడ్‌ల్యాండ్స్ తెలుగు ఇంట్లో రసవిఘ్నాలు

సింగపూర్ ద్వీపానికి ఉత్తరపు కొసన వుడ్‌ల్యాండ్స్ ఉంది. 1924లో ప్రారంభమైన కాజ్‌వే మీదుగా జలసంధి దాటితే అవతల మలేసియాలోని జొహోర్ బారు. ఈ వుడ్‌ల్యాండ్స్‌లో, ఒక హెచ్‌డీబీ భవనంలో, ఒక తెలుగు ఇంటిని ఊహించవచ్చు. రాత్రి పది గంటలవుతుంది. మనవరాలి కోసం కొన్నాళ్లు ఉండడానికి వచ్చిన నాయనమ్మ టాబ్లెట్‌లో తెలుగు సీరియల్ చూస్తుంటుంది. తండ్రి ఫోన్‌లో ఐపీఎల్ ఆట అప్పుడే మొదలవుతుంది. తల్లి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కొరియన్ ధారావాహిక చూస్తుంటుంది. పదేళ్ల అమ్మాయి నిద్రకు ముందు దొరికిన పావుగంటలో ఇంగ్లీషు యూట్యూబ్ వీడియోలు చూస్తుంటుంది. నలుగురు మనుషులు, నాలుగు తెరలు.

దీనికి తేలికైన సమాధానం ఒకటుంది: ఎవరి రుచి వారిది. కాని ఈ సమాధానం దేన్నీ వివరించదు. రుచులు వేరైన జనాన్ని సైతం ఒక్కటిగా మెప్పించగలిగేది నాట్యమేనని కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో ఒక నాట్యాచార్యుడి చేత చెప్పించాడు. అంటే రుచిభేదం ఆనాడూ ఉన్నదే. దాన్ని దాటించే సాధనం ఒకటి ఉందన్నది ఆ పాత్ర వాదన. వుడ్‌ల్యాండ్స్ ఇంట్లో లోపించింది ఆ సాధనమా, లేక నలుగురూ కలిసి కూర్చునే సందర్భమా అన్నది అసలు ప్రశ్న. ‘రుచి’ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు వ్యవహారాలు కలిసిపోవడం వల్ల ఈ ప్రశ్న మరుగున పడుతోంది. ఒకటి ఎంచుకోవడం, రెండవది ఆస్వాదించడం.

ఎంపిక గురించి పాశ్చాత్య ప్రసారమాధ్యమ పరిశోధన చాలా చెప్పింది. అమెరికాలో పగటిపూట రేడియో ధారావాహికలు వినే స్త్రీల గురించి హెర్టా హెర్ట్‌సోగ్ 1944లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆ శ్రోతలకు అందుతున్నవి మూడని ఆమె తేల్చింది: గుండెలోని బరువు దించుకునే వీలు, తీరని కోరికలు ఊహలోనైనా తీరడం, బతుకులో ఎలా నడుచుకోవాలో సలహా. విద్యావంతులు ఈసడించే కార్యక్రమాలకు కూడా వినేవారి వైపు నుంచి ఒక హేతువు ఉంటుందని దీనివల్ల స్పష్టమైంది. 1974 నాటికి ఎలిహు కాట్జ్, జే బ్లమ్లర్, మైఖేల్ గురెవిచ్ ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా క్రోడీకరించారు. మాధ్యమం ప్రేక్షకుణ్ణి ఏం చేస్తోందని కాక, ప్రేక్షకుడు మాధ్యమంతో ఏం చేసుకుంటున్నాడని అడగాలన్నది దాని సారం. 1984లో జెన్నింగ్స్ బ్రయంట్, డాల్ఫ్ జిల్మన్ జరిపిన ప్రయోగం మరో అడుగు వేసింది. విసుగు పుట్టే పని చేసి వచ్చినవారు ఉద్వేగభరితమైన కార్యక్రమాల వైపు మొగ్గారు. ఒత్తిడిలో ఉన్నవారు ప్రశాంతమైనవాటికి ఎక్కువ సమయమిచ్చారు. మనిషి తన మనఃస్థితిని సరిచేసుకోవడానికి తగిన మందును తానే వెతుక్కుంటాడన్నమాట.

వుడ్‌ల్యాండ్స్ నుంచి నార్త్ సౌత్ రైలు మార్గంలో నగరం నడిబొడ్డుకు వెళ్లివచ్చే ఉద్యోగికి ఈ సూత్రం చక్కగా వర్తిస్తుంది. ఉదయం వార్తలు, పాడ్‌కాస్ట్; సాయంత్రం పాత పాటలో, హాస్య సన్నివేశాలో. కాని అదే ఉద్యోగి రాత్రి పదింటికి క్రికెట్ చూడడాన్ని ఈ సూత్రం సరిగా పట్టుకోలేదు. సింగపూర్ గడియారం భారతదేశం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి 7:30కి మొదలైన ఆట ఇక్కడ పదింటికి మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. మర్నాడు రైల్లో పది నిమిషాల ముఖ్యాంశాలు చూస్తే ఫలితమూ తెలుస్తుంది, నిద్రా దక్కుతుంది. అయినా అతడు మేలుకుంటాడు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న మిత్రులు అదే క్షణంలో అదే బంతిని చూస్తున్నారు, వాట్సాప్‌లో మాటలు నడుస్తున్నాయి. అతడు ఎంచుకున్నది ఆటను మాత్రమే కాదు, ఆ తోడును కూడా. నాయనమ్మ సీరియల్ సంగతీ ఇంతే. దాన్ని మర్నాడు పగలు తీరిగ్గా చూడవచ్చు. కాని ఊళ్లో చెల్లెలు చూసే వేళకే చూస్తే, ఫోన్‌లో మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఒకే కథ ఉంటుంది.

ఇక ఆస్వాదన. దీని గురించి మరింత సూక్ష్మంగా ఆలోచించినవాడు వెయ్యేళ్ల కిందటి కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు. భరతుడి నాట్యశాస్త్రానికి రాసిన ‘అభినవభారతి’లో అతడు రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను లెక్కించాడు. వాటిలో మూడు వుడ్‌ల్యాండ్స్ ఇంటికి సూటిగా తగులుతాయి. మొదటిది, ‘ఇది నాది, ఇది పరాయిది’ అన్న దేశకాలాల పట్టు విడవకపోవడం. రెండవది ‘నిజసుఖాదివివశీభావం’, అంటే ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలోనే మునిగి ఉండడం. మూడవది ‘ప్రతీత్యుపాయవైకల్యం’, అంటే చూస్తున్నదాన్ని గ్రహించే సాధనాలే కొరవడడం.

రెండవ విఘ్నం దగ్గర ప్రాచీనుడికీ ఆధునికులకీ దారులు చీలతాయి. జిల్మన్ దృష్టిలో సొంత మనఃస్థితే ఎంపికకు ప్రేరణ. అభినవగుప్తుడి దృష్టిలో అదే ఆస్వాదనకు అడ్డంకి. ఆ అడ్డంకి తొలగించడానికే ప్రదర్శనలో గీతవాద్యాలు, రంగమండపపు అలంకరణ ఉన్నాయని అతడంటాడు. ఫోన్‌కు రంగమండపం లేదు. అలసటను పోగొట్టే వీడియోను అది వెంటనే అందిస్తుంది కాని, అలసిన మనిషిని తన అలసట నుంచి బయటికి రప్పించే ఏర్పాటు దానిలో లేదు. గంటసేపు చూసిన తర్వాత ఏం చూశామో గుర్తులేకపోవడం ఇందుకే.

వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ ఈ తేడాకు మంచి నిదర్శనం. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు; పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు; విడిపోయిన కుటుంబం ఎందుకు విడిపోయిందో ఒక్కొక్కటిగా బయటపడుతుంది. తెలంగాణ పల్లెల్లో ఈ చిత్రాన్ని తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. చూసి, ఏళ్లుగా మాటలు లేని తోబుట్టువులు కలిశారని వార్తలు వచ్చాయి. చివర మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట సినిమాలోనే ఒక సమూహం ఎదుట నడుస్తుంది. ఊళ్లో తెర ముందున్న జనం ఆ సమూహానికి కొనసాగింపయ్యారు. ఇదే చిత్రాన్ని సిటీ నుంచి తిరిగొస్తూ రైల్లో రెండు విడతలుగా చూసినవారికి కథ తెలుస్తుంది. కన్నీళ్లూ రావచ్చు. కాని ఆ ఏడుపు పక్కవారికి కనిపించకుండా దాచుకోవలసిన ఏడుపు.

అయితే ఉమ్మడి చూపును ఊరికే కీర్తించడమూ సరికాదు. దూరదర్శన్ రోజుల్లో వీధికొక టీవీ ఉన్నప్పుడు ఏం చూడాలో నిర్ణయించింది ఎక్కువగా ఇంటి పెద్ద. వంటింట్లోంచి మాటలు మాత్రమే విన్న కోడళ్లు ఎందరో. కొరియన్ ధారావాహిక చూస్తున్న ఆ తల్లికి ఇయర్‌ఫోన్లు ఇచ్చిన స్వేచ్ఛ చిన్నదేమీ కాదు. ఆమె తన అత్తగారి తరానికి లేని ఎంపికను పొందింది. ఆ లాభాన్ని తక్కువ చేయకుండానే నష్టాన్ని లెక్కించాలి.

నష్టం పదేళ్ల అమ్మాయి దగ్గర తేలుతుంది. సింగపూర్ బడుల్లో తమిళం అధికారిక మాతృభాష. దానికి తోడు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూలను మాతృభాషా విషయంగా తీసుకునే వీలుంది. ఆ పట్టికలో తెలుగు లేదు. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉంది, పండుగలున్నాయి. కాని తెలుగు పిల్లలు ఎక్కువగా హిందీయో తమిళమో పరీక్షకు చదువుతారు. తెలుగు, తమిళ భాషల్లో ఏకకాలంలో తీసిన ‘బాహుబలి’ని అలాంటి పిల్ల తమిళంలోనూ సుఖంగా చూడగలదు. రాజులూ యుద్ధాలూ ఏ భాషలోనైనా అర్థమవుతాయి. ‘బలగం’ అలా కాదు. బావా బామ్మర్దుల పగకు మూలం విందులో నల్లి బొక్క. సబ్‌టైటిల్ ఆ బొక్కకు అర్థం చెప్పగలదు. అల్లుడికి అది వడ్డించడం మర్యాద ఎలా అయిందో, అది దక్కకపోవడం ఇన్నేళ్ల అవమానం ఎందుకైందో చెప్పలేదు. అభినవగుప్తుడు చెప్పిన ప్రతీత్యుపాయవైకల్యం ఇదే. ఆ పిల్ల తెలుగు సినిమా వద్దనడం రుచి కాదు; రుచి చూసే సాధనం చేతికి అందకపోవడం.

ఆ సాధనం ఎలా అందుతుందో తమార్ లీబెస్, ఎలిహు కాట్జ్ పరిశోధనలో ఒక సూచన దొరుకుతుంది. ‘డాలస్’ అనే అమెరికన్ ధారావాహికను వారు ఇజ్రాయెల్‌లోని అరబ్బులు, మొరాకో యూదులు, రష్యా నుంచి వచ్చినవారు వంటి బృందాలకు చూపించి, వారి సంభాషణలను నమోదు చేశారు. 1990లో పుస్తకంగా వచ్చిన ఆ పనిలో తేలింది ఏమిటంటే, ప్రేక్షకులు అర్థాన్ని తెర మీంచి ఉన్నదున్నట్టు తీసుకోరు. పక్కవారితో మాట్లాడుకుంటూ, తమ బంధుత్వాలతో పోల్చుకుంటూ కట్టుకుంటారు.

ఈ లెక్కన వుడ్‌ల్యాండ్స్ ఇంట్లో ఆ సాధనం ఇప్పటికే ఉంది; అది పక్క గదిలో టాబ్లెట్ పట్టుకుని కూర్చుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ, మనవరాలు కలిసి ‘బలగం’ చూస్తే నల్లి బొక్క దగ్గర సినిమా ఆపక తప్పదు. నాయనమ్మ తన పెళ్లి విందుతో మొదలుపెట్టి, ఎవరెవరు అలిగారో, ఎవరు ఎవరిని బతిమాలారో చెప్పుకొస్తుంది. రసజ్ఞులు ఆ అంతరాయాన్నే విఘ్నమంటారు. కాని చూపుకు సాధనమే లేని పిల్లకు ఆ ఆగిన అరగంటే సాధనం. ఆ తర్వాత కాకి ముద్ద ముట్టనప్పుడు ఎందుకు ముట్టలేదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.