ఆగనంటున్న ఇంజను

మే నెల మధ్యాహ్నం గోదావరిఖని చౌరస్తాలో బండ్లు నిలిచినప్పుడు ఒకసారి గమనించండి. కొత్త కార్ల ఇంజన్లు కూడా నడుస్తూనే ఉంటాయి. బ్రేకు తొక్కి నిలబెట్టగానే తనంతట తాను ఆగి, కదలబోయే ముందు మళ్లీ అంటుకోవాల్సిన ఇంజను ఎండలు ముదిరేసరికి ఆ పని మానేస్తుంది. ఈ రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "కొన్నప్పుడు మంచిగనే ఆగేది సారూ, ఇప్పుడు ఆగుతలేదు. ఖరాబైందా?" చాలా కార్లలో ఏమీ ఖరాబు కాదు. కొన్నిటిలో మాత్రం నెలా రెండు నెలల్లో రాబోయే ఇబ్బందికి అది మొదటి కబురు. ఏది ఏదో పోల్చుకోవడమే తెలియాలి.

ఈ ఏర్పాటు మరీ కొత్తదేమీ కాదు. 1970లలోనే టయోటా దీన్ని ప్రయోగించి చూసింది. మన దేశంలో మహీంద్రా 'మైక్రో హైబ్రిడ్' పేరుతో జీపులకు పెట్టింది. 2014లో హీరో స్ప్లెండర్ ఐస్మార్ట్ బైకుకు, 2015లో మారుతి సియాజ్‌కు వచ్చింది. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మామూలు కార్లలోనూ కనిపిస్తోంది. నిలబడి ఉన్న చిన్న కారు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది కాబట్టి, ఆపితే మిగిలేది నిజంగానే మిగులుతుంది.

అయితే ఆపడం తేలిక. మళ్లీ అంటించడమే కష్టం. అందుకే ఆపే ముందు కంప్యూటర్ వరసగా కొన్ని సంగతులు చూసుకుంటుంది. డ్రైవరు సీటు బెల్టు పెట్టుకున్నాడా, తలుపులూ బానెట్టూ మూసి ఉన్నాయా, ఇంజను తగినంత వేడెక్కిందా, బ్రేకుకు కావలసిన వ్యాక్యూం ఉందా, లోపల ఏసీ చల్లబరచిందా, డీజిలు బండైతే సైలెన్సర్ దారిలోని ఫిల్టరు మసిని కాల్చుకుంటోందా. వీటన్నిటికన్నా ముఖ్యంగా, బ్యాటరీలో మరోసారి సెల్ఫ్ కొట్టేంత బలం మిగిలి ఉందా. ఒక్కదానికి సమాధానం సరిగా లేకపోయినా ఇంజన్ని నడవనిస్తుంది.

మా వాడకట్టులో బొగ్గు బాయి ల్యాంప్ రూంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నారు. బాయిలోకి దిగేవాళ్ల నడుముకు బరువైన బ్యాటరీ కట్టి, టోపీకి దీపం తగిలించిన కాలం మనిషి. పైకి వచ్చిన ప్రతి దీపాన్నీ చార్జింగుకు పెట్టి, తెల్లారి మళ్లీ చేతికి ఇచ్చేవారు. బ్యాటరీ ముచ్చట వస్తే ఆయనది ఒకటే మాట. "ఇచ్చేటప్పుడు ఎంత వెలుగుతున్నదో చూస్తే సరిపోదు బిడ్డా. షిఫ్టు ఆఖరు గంటకు ఎంత వెలుగుతదో చూడాలె." కారులోని కంప్యూటర్ లెక్క కూడా సరిగ్గా ఇదే. పొద్దున సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు అంటుకునే బ్యాటరీ ఉన్నా ఇంజను ఆగకపోవచ్చు. మన కళ్లకు బాగానే ఉన్నట్టుండే బ్యాటరీలో ఆఖరు గంటకు కావలసింది లేదని కంప్యూటర్‌కు ముందే తెలిసిపోతుంది.

మన ప్రాంతంలో ఇంజను ఆగకపోవడానికి రెండు ప్రత్యేక కారణాలున్నాయి. మొదటిది ఎండ. రామగుండంలో ఎండ 45 డిగ్రీల దాకా పోవడం మనకు కొత్త కాదు. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగితే ఏసీ ఆగుతుంది, అర నిమిషంలో లోపల ఉడుకెత్తుతుంది. కాబట్టి లోపల చల్లబడేదాకా కంప్యూటర్ ఇంజన్ని ఆపనే ఆపదు. ఏసీని చివరిదాకా తిప్పి బ్లోయర్ నాలుగులో పెడితే ఇక ఆ రోజుకు ఆగడమన్న ఆశ వదులుకోవచ్చు. దీనికి బొగ్గు దుమ్ము తోడు. ఓపెన్ కాస్ట్ గనుల (ఓసీపీల) పక్క రోడ్ల మీద తిరిగే కారు ముందు గ్రిల్లులోకి టార్చి వేసి చూడండి, ఏసీ కండెన్సర్ రేకుల మధ్య నల్లటి పొర కనిపిస్తుంది. క్యాబిన్ ఫిల్టరూ అంతే. గాలి ఆడక చల్లదనం తగ్గుతుంది. ఎండకాలానికి ముందు ఈ రెండూ శుభ్రం చేయిస్తే, సాయంత్రాలైనా ఇంజను ఆగడం మళ్లీ మొదలైన కార్లను నేను చూశాను.

రెండోది డ్యూటీ. కాలనీ నుంచి బాయికి నాలుగైదు కిలోమీటర్లు. ఎనిమిది గంటలు కారు ఎండలో నిలబడుతుంది. మళ్లీ నాలుగైదు కిలోమీటర్లు ఇంటికి. సెల్ఫ్ తీసుకున్న కరెంటును డైనమో తిరిగి నింపేలోపే ఇల్లొస్తుంది. నిలబడ్డ కారులో డ్యాష్ కెమెరా నడుస్తుంటే ఇంకా తాగుతుంది. పైగా వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపల అరుగుదల దాదాపు రెట్టింపవుతుందని లెక్క. ఆదివారం రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాకా వెళ్లి వస్తే కొంత కోలుకుంటుంది. ఇంట్లో స్లో చార్జరుతో రాత్రంతా పెడితే ఇంకా మేలు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కే ఒక సెన్సర్ బిగించి ఉంటుంది. ఎంత కరెంటు లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అన్నది అదే లెక్కపెడుతుంది. చార్జరు నల్ల క్లిప్పును నేరుగా టెర్మినల్‌కు తగిలిస్తే ఆ కరెంటు సెన్సర్ గుండా పోదు. బ్యాటరీ నిండినా కంప్యూటర్ దృష్టిలో ఖాళీయే. నల్ల క్లిప్పును బాడీ ఎర్తుకు పెట్టాలి. కొత్తగా వేయించుకునే ఫాగ్ లైట్లు, ఆంప్లిఫయర్లు, పెద్ద హారన్ల ఎర్తు కూడా అంతే. షోకు కోసం వేయించిన సౌండ్ సిస్టం వైరు ఒక్కటి తప్పుచోట బిగిస్తే చాలు, ఆ మరుసటి వారం నుంచే లెక్క తప్పుతుంది.

బ్యాటరీ మార్చే దగ్గర కూడా నష్టపోతున్నారు. ఈ కార్లకు ఈఎఫ్‌బీ, ఇంకొన్నిటికి ఏజీఎం రకం బ్యాటరీలు వస్తాయి. మాటిమాటికీ సెల్ఫ్ కొట్టినా తట్టుకునేలా చేసినవవి, ఖరీదూ ఎక్కువే. ధర తక్కువని సైజు చూసి మామూలుది పెట్టిస్తే కారు నడుస్తుంది కానీ, ఆగి అంటుకునే పని దానివల్ల ఎక్కువ కాలం కాదు. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు స్కానరుతో కంప్యూటర్‌కు చెప్పాలి కూడా. చెప్పకపోతే పాత బ్యాటరీ ముసలితనాన్నే కొత్తదానికి అంటగడుతుంది.

నాకు నమ్మకమున్న ఎలక్ట్రీషియన్ ఒకాయన చేసే పద్ధతి ఇది. రాత్రంతా కదలని కారుకు పొద్దున్నే, తాళం తిప్పకముందే మీటరు పెడతాడు. 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. తర్వాత సెల్ఫ్ కొట్టమని ముల్లు ఎంతకు పడిందో చూస్తాడు. 9.6 కిందికి జారితే తల అడ్డంగా ఊపుతాడు. ఇంజను నడుస్తుండగా 14 చూపకపోతే డైనమో పోయిందని తేల్చే పాత అలవాటు ఆయనకు లేదు. కొత్త కార్లలో డైనమో అవసరాన్ని బట్టి వోల్టేజీని తనే తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. అది తెలియక మంచి డైనమోలను విప్పిన షాపులున్నాయి.

ఓసీపీలో డంపర్లు నడిపే ఆపరేటర్లలో చాలామంది కారెక్కగానే ఇంగ్లిషు 'A' అక్షరం చుట్టూ బాణమున్న బటన్ నొక్కి ఈ ఆగి అంటుకునే ఏర్పాటును ఆపేస్తారు. భారీ ఇంజన్ని లోడు మీద నడిపి వెంటనే ఆపకూడదని, టర్బో చల్లారేదాకా కాసేపు ఐడిల్‌లో ఉంచాలని వాళ్లకు ఏళ్ల తరబడి నేర్పిన క్రమశిక్షణ అది. ఆ మెషీనుకు అది సరైనదే. కారులో మాత్రం వేడి ఎక్కువుంటే ఆపకూడదన్న విచక్షణ కంప్యూటర్‌కే ఉంది. బటన్ నొక్కడం వల్ల కారుకు నష్టమేమీ లేదు గానీ, నెలల తరబడి నొక్కుతూ పోతే బ్యాటరీ ఇస్తున్న కబురు మీకు అందదు. నా అభ్యంతరం అంతవరకే.

నేను పెట్టుకున్న పరీక్ష తేలికైనది. డిసెంబరులో, కారును పావుగంట నడిపి ఇంజను వేడెక్కాక, ఏసీ కట్టేసి చూస్తాను. అప్పుడు ఆగి అంటుకుంటే మేలో ఆగలేదని దిగులు పడను, ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టను. డిసెంబరులోనూ ఆగకపోతే ముందు బ్యాటరీ, ఆ తర్వాత ఎర్తు వైర్లు, ఆ తర్వాతే బ్రేకు స్విచ్చి, బానెట్ స్విచ్చి వంటివి చూపించాలి. బ్యాటరీ మార్చిన తేదీ, దాని రకం, పొద్దున చూపిన వోల్టేజీ బానెట్ లోపల మార్కరుతో రాసి ఉంచండి. పైఏడు మీటరు పెట్టే మనిషికి సగం పని తగ్గుతుంది.