పిల్లకు ఎన్నేళ్లు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు కథల్లో ఒక మాట నాకు పంటికింద రాయిలా తగుల్తుంది: ‘కౌమారం’. సంస్కృతంలోంచి సైకాలజీ పాఠంలోకి, అంగన్‌వాడీ రికార్డులోకి వచ్చిన మాట. మిర్యాలగూడ బస్టాండులో ఎవరి నోటా వినబడదు.

అక్కడ వినబడేవి సంటిపిల్ల, పోరడు, పోరి, పిలగాడు, పిల్ల. వీటిని వయసువారీగా టేబుల్‌లో పెడదామంటే (ఉద్యోగం అంటించిన జబ్బు) కుదరదు. సంటిపిల్లకు తల్లిపాలు కొలత. పోరడికి పిలిచేవాళ్ల చనువో కోపమో కొలత. సంబంధాల దగ్గర ‘పిలగాడు ఏం జేస్తడు?’ అంటే ఆ పిలగాడికి 35 ఏళ్లు, బట్టతల కూడా ఉండొచ్చు. కోదాడ దాటి జగ్గయ్యపేట పోతే అతనే ‘అబ్బాయి’.

‘పిల్ల’ దగ్గర మాత్రం నవ్వు రాదు. 12 ఏళ్లకు ‘పెద్దమనిషి’ అయిన ఆమె పెళ్లిచూపుల్లో మళ్లీ ‘పిల్ల’ అవుతుంది. ‘పిల్ల ఎదిగింది’ అన్న మాట 15కీ, 25కీ సరిపోతుంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టానికి మాత్రం 18 అనే అంకె కావాలి. ‘కన్య’ కథా ఇంతే. స్మృతుల లెక్కలో 8 ఏళ్లకు గౌరి, 9కి రోహిణి, 10కి కన్య. ‘కన్యాశుల్కం’ పేరులోని కన్యను ఇవాళ్టి పెళ్లి ప్రకటనల అర్థంలో చదివితే, లుబ్ధావధాన్లుకి ఇవ్వబోయిన సుబ్బి ఎంత చిన్నదో మర్చిపోతాం. గురజాడ కోపం సగం ఆవిరైపోతుంది.

కాబట్టి నా పేచీ యాసతో కాదు. అమ్మ ‘పిల్ల’ అంటుంది, ఎస్సై ‘బాలిక’ అని రాస్తాడు, పేపరు ‘మైనర్’ అంటుంది. ఈ మూడింటి మధ్య ఇరుక్కున్న అమ్మాయి కథలో ‘కౌమారం’ అని రాయగానే ఆ ఇరుకే కనబడకుండా పోతోంది.