బోర్డు పోయిందండీ!

ఈసారి నేను సమీక్షించబోయే పుస్తకానికి రచయిత పేరు లేదు. అంకితం లేదు, ముందుమాట లేదు, వెల కూడా లేదు. 2002లో విజయవాడలో మేము కంప్యూటరు కొన్నప్పుడు పెట్టెతోపాటు ఊరికే ఇచ్చారు. మదర్‌బోర్డు తాలూకు గైడు. ఇరవై ఏళ్ళకు పైగా పాత కరెంటు బిల్లుల సంచిలో పడివుంది. నవలలు రాసుకునే మనిషికి దీనితో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈమధ్య నన్ను రాత్రి రెండింటిదాకా మేలుకోబెట్టిన పుస్తకం ఇదొక్కటే. నిజం చెప్పొద్దూ!

సంగతేమిటంటే, మా అమ్మది దివిసీమ. అవనిగడ్డకు దిగువన ఊరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకు పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. 10 వేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెన గురించి అమ్మ మాతో ఎన్నడూ మాట్లాడలేదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చిందే, ఆ వార్తలు టీవీలో చూసిన రోజు రాత్రి, కూర తరుగుతూ తనంతట తనే మొదలుపెట్టింది. అప్పట్లో నేను బి.ఏ. పూర్తిచేసి ఇంట్లోనే డీటీపీ చేసేదాన్ని. ఏలూరు రోడ్డు పబ్లిషర్లకు పుస్తకాలు కంపోజ్ చేసి ఇస్తూ వుండేదాన్ని. అమ్మ చెప్తూంటే అదే కంప్యూటరు మీద కొట్టాను. 41 పేజీలయింది. “నేనున్నన్నాళ్ళూ అచ్చు వెయ్యకు” అంది. సరేనన్నాను.

అమ్మ పోయింది. కంప్యూటరు అటకెక్కింది. ఇప్పుడు వేద్దామని దించితే స్విచ్చి నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. రిపేరు కుర్రాడొచ్చి పెట్టె మూతైనా పూర్తిగా తియ్యకుండానే తేల్చేశాడు. “బోర్డు పోయిందండీ. పారేసెయ్యండి.”

పక్కింటి బాబాయిగారు టెలిఫోన్సులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకు ఈ మాట చెప్పగానే కోపం వచ్చింది. “పోయిందంటే ఏది పోయింది, అమ్మాయ్? బోర్డంటే ఒక వస్తువా? ఊరంతా చెడ్డదన్నట్టుంది!” అన్నారు. ఆయన చెప్తేనే ఆ గైడు వెతికి తీశాను.

ఇక పుస్తకం సంగతి. చివరి రెండు పేజీలే దీనికి ప్రాణం. యంత్రం లేవకపోతే ఏ కూతకు ఏ అర్థమో అందులో వుంది. కరెంటు అందగానే కంప్యూటరు ముందు తనను తానే పరీక్షించుకుంటుందట. తెర వెలగకముందే లోపం కనిపెడితే చెప్పుకోటానికి దానికి నోరు లేదు కనక, లోపల వున్న చిన్న స్పీకరుతో కూస్తుంది. మా బోర్డు లెక్క ప్రకారం, పొడుగు కూత ఆగకుండా వస్తూంటే ర్యామ్ తప్పు. ఒక పొడుగూ రెండు పొట్టీ అయితే తెర తాలూకు కార్డు. ఒకే ఒక్క పొట్టి కూత అయితే అంతా క్షేమం. పురిట్లో బిడ్డ ఏడిస్తే సంతోషం, ఏడవకపోతేనే కదూ గాభరా? ఇదీ అంతే. ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పిన వచనం నేనీమధ్య చదవలేదు.

హాస్యం కూడా లేకపోలేదు. కీబోర్డు తగిలించకపోతే “కీబోర్డు లేదు, ముందుకు సాగటానికి ఎఫ్1 నొక్కండి” అంటుందట. లేని కీబోర్డు మీద ఎఫ్1 ఎక్కడ నొక్కాలో మరి!

అయితే ఈ పుస్తకంలో రెండు పెద్ద తప్పులున్నాయి. అసలు కూతే రాకపోతే ఏంచెయ్యాలి? అక్కడికొచ్చేసరికి “మీ డీలరును సంప్రదించండి” అని ముగించేశారు. కథానాయిక నడి ఏట్లో వుండగా సీరియల్ ఆపేసినట్టు! రెండోది ఇంకా పెద్దది. పరీక్షలు మొదలెట్టకముందు హార్డ్ డిస్కు తీసి పక్కన పెట్టుకోమని ఎక్కడా లేదు. పాత ఎస్.ఎమ్.పి.ఎస్. కరెంటు సరిగ్గా ఇవ్వకపోతే డిస్కు మాడిపోవచ్చు. యంత్రం పోతే పోతుంది, అమ్మ మాటలు అందులో వున్నాయి గదా!

బాబాయిగారు మొట్టమొదట చేసిన పని డిస్కు విప్పటమే. యూఎస్‌బీ అడాప్టరు పెట్టి మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి మొత్తం కాపీ తీసుకున్నాం. ఫైలుంది. తెరవబోతే తెరుచుకోలేదు. నేను కొట్టింది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. ఆ పేజ్‌మేకర్ 2001 తర్వాత పెద్ద వెర్షనన్నదే రాకుండా ఆగిపోయింది. వుత్తి అక్షరాలు లాగి చూస్తే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ తప్ప తెలుగన్నది లేదు. ఇప్పటి యూనికోడ్‌లో “అ” ఎక్కడైనా “అ”యే. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు దాచిపెట్టేవారు. ఫాంటు లేకపోతే తెర మీద తెలుగు కనపడదు. ఆ సరంజామా అంతా వున్నది ముసలి పెట్టెలోనే. కాబట్టి అది లేచి కూర్చోవాల్సిందే.

ముందు ఎస్.ఎమ్.పి.ఎస్.ను బోర్డు నుంచి విడదీశారు. దాని పెట్టె మాత్రం విప్పకూడదన్నారు. ప్లగ్గు తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుండి కొడుతుందట. బరువుకోసం పాత సీడీ డ్రైవు తగిలించి, ఇరవై పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ చిన్న వైరు ముక్కతో కలిపితే ఫ్యాను గిర్రున తిరిగింది. మీటరు పెట్టి వోల్టులు చూశారు. తప్పు దానిది కాదు. తర్వాత బోర్డు మీద ప్రాసెసరూ స్పీకరూ తప్ప అన్నీ పీకేశారు. ర్యామ్ కూడా. “ర్యామ్ లేదని ఇది గోల పెట్టాలి, అమ్మాయ్. పెడితే ప్రాణమున్నట్టే.”

పెట్టలేదు.

అప్పుడు టార్చి వేసి చూపించారు. ప్రాసెసరు పక్కన నిలబెట్టిన చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లలో మూడింటి నెత్తి పూరీల్లా ఉబ్బింది. ఆ కాలంలో, 1999 మొదలు 2007 దాకా, లోపలి ద్రావకం మంచిది కాని కెపాసిటర్లు ప్రపంచమంతటా లక్షల బోర్డుల్లో ఎక్కాయట. వాటిలో వాయువు పుట్టి ఉబ్బి పగిలేవి. ఇక్కడొకటి ఒప్పుకోవాలి. కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు, తప్పు బోర్డు మీదే వుంది. కానీ కొన్ని రూపాయల ముక్కలు మూడింటికోసం అమ్మ 41 పేజీలనూ చెత్తబుట్టకు పంపే తీర్పు అది!

నా మొదటి నవలకు ఒక సమీక్షకుడు “వంటింటి గడప దాటలేదు” అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏ ప్రకరణం ఉబ్బిందో, ఎక్కడ సంభాషణ పట్టు సడలిందో చెప్తే దిద్దుకునేదాన్ని. మన కృష్ణాజిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి నవలలనూ ఊహాలోకాలని చాలామంది ఒక్క మాటలో తోసేశారు. నాకూ ఆవిడ నాయకుల కార్లూ మేడలూ విసుగే. కానీ ఆ కథానాయికలు ఎంత లేమిలోనూ మాట పడకపోవటం వుందే, దాన్ని విడదీసి పరీక్షించినవాళ్ళు ఎంతమంది? అన్నట్టు, నేనూ తక్కువ తిన్నానా? కొత్త అమ్మాయిల కథలను రెండు పేజీలు చదివి “తేలిపోయింది” అన్న రోజులున్నాయి. ఏది తేలిపోయిందో చెప్పలేదు.

కెపాసిటర్లు కొనుక్కొచ్చాం. మైక్రోఫారడ్ల లెక్క పాతదే వుండాలి, వోల్టులు తగ్గకూడదు, గీత వున్న వైపు నెగటివ్. బాబాయిగారి చెయ్యి వణుకుతుందని భయపడ్డాను గానీ సోల్డరింగ్ ఐరన్ పట్టగానే వణుకు పోయింది. స్విచ్చి నొక్కితే, ర్యామ్ లేని బోర్డు ఇల్లెగిరేట్టు కూసింది! ర్యామ్ కాళ్ళను పిల్లల రబ్బరుతో రుద్ది పెడితే పాట మారింది. ఒక పొడుగు, రెండు పొట్టి. తెర కార్డు తీసి, దులిపి, గట్టిగా నొక్కి కూర్చోబెట్టారు. ఒకే ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది.

బోర్డు మీది రూపాయిబిళ్ళంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది గనక, తేదీ 2002 జనవరి 1 అని చూపిస్తోంది. అమ్మ ఇంకా ఏమీ చెప్పని కాలం. కొత్త బ్యాటరీ వేస్తానని బాబాయిగారు చెయ్యి చాస్తే, “తర్వాత చూద్దాం, ముందు ఫైలు” అన్నాను.

డిస్కు పెట్టాం. ర్‌ర్‌ర్‌మంటూ తిరిగి, పేజ్‌మేకరు తెరుచుకుంది. మొదటి పేజీలో అమ్మ పేరు, తప్పుగా కొట్టిన ఒక వత్తూ అలాగే వుంది.

“కంగారుగా చదవబోకమ్మాయ్,” అన్నారు బాబాయిగారు. “ముందు ఫోను పట్టుకొచ్చి ఒక్కో పేజీ ఫొటో తీసెయ్యి. ఇది మళ్ళీ ఆరిపోతే?”

నేను పేజీలు తిప్పుతూ వుంటే మా అమ్మాయి ఫొటోలు తీసింది. పదిహేడో పేజీ దగ్గర అది ఆగిపోయి, ఫోను దించి, తెర మీద చదవటం మొదలుపెట్టింది.