జాబు రాసుకునే చోటు

మా అమ్మ పేరు ఒకరు గట్టిగా పలకగా నేను మొదటిసారి విన్నది రేడియోలో. ఇంట్లో ఆవిడకు పేరుండేది కాదు. నాన్నకు "ఇదిగో", నాయనమ్మకు "అమ్మాయ్", వీధిలో వాళ్ళకు "మాస్టారి భార్య". 1980ల చివర్లో ఒక మధ్యాహ్నం వివిధభారతి జనరంజనిలో, పాట కోరిన శ్రోతల వరుసలో ఆవిడ పేరూ ఊరూ చదివారు. పప్పు ఎనుపుతున్న మనిషి పప్పుగుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోరిన పాట ఏమిటో నాకు గుర్తు లేదు. అది మొదలయ్యేసరికి అమ్మ వినడం మానేసి తనలో తను నవ్వుకుంటోంది. సాయంత్రం సంగతి తెలిసి నాన్న, "ఊరందరికీ పేరు చాటుకోవాలా?" అన్నారు. అమ్మ కార్డులు రాయడం మానలేదు. పోస్టు డబ్బాలో వేసే పని మాత్రం మాకప్పగించింది.

పత్రికలు, రేడియో, టీవీ, ఇప్పుడీ సెల్‌ఫోను మన సంసారాలను బాగుచేశాయా, పాడుచేశాయా అన్న వాదన ఏ పెళ్ళి పందిట్లోనైనా దొరుకుతుంది. నేను మాత్రం ప్రతిదాన్నీ ఒకటే అడుగుతాను. నువ్వు చెప్పేదేదో చెప్పావు, సరే. మేం చెప్పేది ఎప్పుడు వింటావు?

వారపత్రిక వినేది. 1960, 70లలో రచయిత్రుల సీరియల్స్ ఇంటింటా రాజ్యమేలాయి. వాటిని కాలక్షేపం సరుకని తీసిపారేసిన విమర్శకులున్నారు. కార్లో తిరిగే ఆరడుగుల నాయకుడి మీద నాకూ పెద్ద మోజు లేదు లెండి. కాని ఆ నవల పక్కనే ఉత్తరాల పేజీ ఉండేది. ఆ కథను మెచ్చుకునే హక్కూ, దులిపేసే హక్కూ పాఠకురాలికి అక్కడ దక్కేవి. నా మొదటి సీరియల్ నడుస్తుండగా ఒకావిడ ఇన్‌లాండ్ కవరు రాశారు: "మీ నాయిక మూడు వారాలుగా ఏడుస్తోంది. ఆ ఇంట్లో వంటెవరు చేస్తున్నారండీ?" నవ్వొచ్చింది, ఆ వెనకే సిగ్గూ వేసింది. నాలుగో వారం నాయికను వంటింట్లోకి పంపక తప్పలేదు. చెప్పొద్దూ, నవల అక్కడినుంచే బాగుపడింది.

అచ్చయిన మాటకు ఆడవాళ్ళు ఎంత గట్టిగా జవాబు చెప్పగలరో నెల్లూరు జిల్లా చూపించింది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవాళ్ళు అది చదివి, "వాళ్ళు చేసింది మనమెందుకు చేయకూడదు?" అని లేచారు. 1992లో ఊరూరా అదే మాట. పత్రికలు వెంటపడి రాశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పాఠం చదివి ఊరుకోకుండా తర్వాతి పాఠం వాళ్ళే రాశారన్నమాట!

హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. అందులో 'జాబులు జవాబులు' అని ఒక కార్యక్రమం ఉండేది, గుర్తుందా? ప్రేక్షకుల ఉత్తరాలు చదివి బదులు చెప్పేవారు. పక్కింటి చాప మీద కూర్చుని నేనూ చూశాను. చాలాసార్లు ఆ బదులు ఒక సాకే అనుకోండి. అయినా ఎవరో ఉత్తరం విప్పి చదివారు కదా.

1995 నుంచి ప్రైవేటు చానెళ్ళు వచ్చాక ఉత్తరం స్థానంలో మీటరు కూర్చుంది. లెక్క కోసం ఎంచుకున్న కొన్ని ఇళ్ళలో దాన్ని పెడతారు. ఏ చానెల్ నడుస్తోందో, ఇంట్లో ఎవరు చూస్తున్నారో అది నమోదు చేస్తుంది. పట్టుచీరతో నిద్రపోయే కోడలినీ, పాలలో విషం కలిపే అత్తనూ మా అమ్మ రోజూ చూస్తుంది. ఉల్లిపాయలు తరుగుతూ చూస్తుంది, "నీకేం పోయేకాలమే!" అని తిడుతూ చూస్తుంది. మా ఇంట్లో మీటరు లేదు. ఉన్నా, చూసిందని రాసుకుంటుంది గాని తిట్టిందని రాసుకోదు. ఇక తీసేవాళ్ళను అడిగితే, "ఆడవాళ్ళు ఇవే చూస్తారండీ" అంటారు. ఇంకేం కావాలని వాళ్ళను అడిగిందెవరు? చూడడానికీ ఇష్టపడడానికీ మధ్య వంటిల్లంత దూరం ఉంది.

ఫోను వచ్చాక, ఒప్పుకోవాలి, తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ తన యాసలో మాట్లాడితే దేశదేశాల తెలుగువాళ్ళు విన్నారు. కాని అదే ఫోనులో ఒక ఆడపిల్ల నోరు విప్పి అభిప్రాయం చెబితే, కింద పేరూ ఊరూ లేనివాళ్ళ బూతులు పేరుకుంటాయి. అమ్మ కార్డు మీద పేరు రాయడానికి భయపడలేదు. ఈ వీరులకు మాత్రం ముసుగు కావాలి.

అమ్మకూ ఇప్పుడు ఫోనుంది. కళ్ళు సరిగా ఆనక టైపు చేయదు, గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఒక్కోటి మూడు నిమిషాలు. దాన్ని రెట్టింపు వేగంతో వినే సదుపాయం ఉంది చూశారూ, 2021లో వచ్చింది, నేనది వాడతాను. అమ్మ గొంతు పిచ్చుక గొంతులా వినిపిస్తుంది. పని తొందరగా అయిపోతుంది.

మొన్న తనే ఫోన్ చేసింది.

"నే పంపింది విన్నావుటే?"

"విన్నానమ్మా."

"అయితే ఆ పనసకాయ ఎవరిచేత పంపమంటావు?"

ఏ పనసకాయ?