కేబుల్ స్ట్రీట్ గోడ

ఒక వీధి చరిత్రను గోడకెక్కించమంటే చెయ్యి ముందుగా మధ్యలో ఒక పెద్దమనిషిని నిలబెట్టేస్తుంది. చుట్టూ జనం, పైన జెండా. గోడబొమ్మలు వేసే మాలాంటివాళ్లకు ఈ అలవాటు ఓ పట్టాన వదలదు. అందుకే తూర్పు లండన్‌లోని కేబుల్ స్ట్రీట్ బొమ్మ దగ్గరికి నా మనసు పదేపదే పోతుంది. సుమారు 3,500 చదరపు అడుగుల గోడ. అందులో ఇతనే నాయకుడని వేలెత్తి చూపగల మనిషి లేడు.

ఆ బొమ్మ చెప్పే కథ 1936 అక్టోబర్ 4, ఆదివారం నాటిది. ఓస్వాల్డ్ మోస్లే, అతని నల్లచొక్కాల ఫాసిస్టులు యూదులు ఎక్కువగా ఉండే ఆ పేటల మీదుగా ఊరేగింపు తలపెట్టారు. వాళ్లకు దారి చేయడానికి వేలమంది పోలీసులు దిగారు. యూదులు, ఐరిష్ రేవుకూలీలు, కమ్యూనిస్టులు కలిసి వీధికి అడ్డం కట్టారు. లారీని పడదోశారు. పోలీసు గుర్రాల కాళ్లకింద గోలీలు దొర్లించారు. మేడల మీది ఆడవాళ్లు కుళ్లిన కూరగాయలనూ, ఉచ్చకుండలనూ పోలీసుల నెత్తిన కుమ్మరించారు. చివరికి పోలీసు కమిషనరే ఊరేగింపును వెనక్కి మళ్లించాడు.

నలభై ఏళ్లు గడిచాక, డేవ్ బిన్నింగ్టన్ అనే చిత్రకారుడు ఈ కథను పాత టౌన్‌హాల్ పక్కగోడ మీద వేయడానికి పూనుకున్నాడు. కుంచె పట్టేముందు ఆ వీధివాళ్లతో మాట్లాడాడు. నా దృష్టిలో బొమ్మ సగం అక్కడే పూర్తయింది. గదిలో ఒంటరిగా కూర్చుని ఊహిస్తే జెండాలూ పిడికిళ్లూ ఎవరికైనా తడతాయి. గోలీలు తట్టవు. ఆ రోజు అక్కడున్నవాళ్లు చెప్పాలి. బొమ్మలో గుర్రాలు, లాఠీలు, జెండాలు, కిటికీల్లోంచి వంగినవాళ్లు అన్నీ సుడి తిరుగుతుంటే చూసేవాడి కన్ను ఎక్కడా ఆగదు. ఆ గందరగోళాన్ని అంత పొందికగా గీయడం ఎంత కష్టమో పరంజా ఎక్కినవాళ్లకు తెలుస్తుంది.

ఆ గోడ పాతకాలానికే పరిమితం కాలేదు. 1978లో అక్కడికి దగ్గర్లోనే అల్తాబ్ అలీ అనే బెంగాలీ బట్టల కార్మికుణ్ణి జాతిద్వేషంతో చంపేశారు. వేలమంది అతని శవపేటిక వెంట నడిచారు. యూదులు కుట్టుపని చేసిన పేటల్లో అప్పటికి బెంగాలీలు కుడుతున్నారు. బొమ్మ ఎవరికి గుచ్చుకోవాలో వాళ్లకు గుచ్చుకుంది: 1982లో సగంలో ఉండగానే దాని మీద ఫాసిస్టు నినాదాలు పులిమారు. బిన్నింగ్టన్ విరక్తితో తప్పుకున్నాడు. అతణ్ణి తప్పుపట్టలేను. పాల్ బట్లర్, రే వాకర్, డెస్మండ్ రాచ్‌ఫర్ట్ ముగ్గురూ ఆ పని అందుకుని 1983లో ముగించారు.

తర్వాతా దాని మీద దాడులు జరిగాయి. 2011లో బట్లరే మళ్లీ బాగుచేశాడు. ఎండకూ వానకూ వెలిసిన రంగు పక్కన అతుకు తెలియకుండా కొత్త రంగు కలపడం మొదటిసారి వేయడంకన్నా కష్టం. దానికి ప్రారంభోత్సవమూ ఉండదు, ఫొటోలూ ఉండవు. మన ఊళ్లలో గోడబొమ్మలకు డబ్బిచ్చేవాళ్లు రిబ్బన్ కత్తిరించే రోజు దాకే లెక్క వేస్తారు. ఇప్పుడు ఎవరైనా తమ వీధి చరిత్ర వేయమని అడిగితే ముందుగా రెండు కోరుతున్నాను: అక్కడి పెద్దవాళ్లతో కూర్చోవడానికి తగినంత గడువు, పదేళ్ల మరమ్మతుకు విడిగా డబ్బు.